బ్రోకా రాసిన పట్టిక

పారిస్‌లో ఈఫిల్ టవర్ మొదటి అంతస్తు అంచు కింద, నాలుగు వైపులా కలిపి 72 మంది పేర్లు పెద్ద పెద్ద అక్షరాలతో ఉంటాయి. వాళ్లలో చాలామంది మనకి బాగా తెలిసినవాళ్లే. ఫోరియర్, లాప్లాస్, లాగ్రాంజ్, కూలంబ్, ఆంపియర్, నేవియర్, కోషీ... సెమిస్టర్ పరీక్షల ముందు రాత్రి మనల్ని నిద్రపోనివ్వని పెద్దమనుషులంతా అక్కడే ఉన్నారు. ఈ లెక్కల మాస్టార్ల మధ్యలో ఒక సర్జన్ పేరు కూడా ఉంది. ఆయన పేరు పాల్ బ్రోకా.

బ్రోకా పేరు వినగానే చాలామందికి మెదడు గుర్తొస్తుంది. మనం మాట్లాడటానికి అవసరమైన మెదడు భాగాన్ని ఇప్పటికీ బ్రోకా ప్రాంతం అనే అంటారు. కానీ నేను ఈ వ్యాసం రాస్తున్నది ప్రధానంగా ఆ మెదడు గురించి కాదు. 1866లో ఆయన కణుతుల మీద అచ్చువేసిన ఒక లావుపాటి పుస్తకంలో, ఒకే కుటుంబంలో ఆడవాళ్లు ఎలా చనిపోయారో చెప్పే పట్టిక ఒకటి ఉంది. జన్యువు అనే మాటే పుట్టని రోజుల్లో, రొమ్ము క్యాన్సర్ కొన్ని వంశాల్లో తరతరాలుగా దిగుతుందని ఆ పట్టిక చూపించింది. ఆ మనిషి గురించి, ఆ పట్టిక గురించి, దానికీ మన ఇళ్లకీ ఉన్న సంబంధం గురించి నాకు తెలిసింది చెబుతాను.

ఇంజనీరు కావాల్సిన డాక్టరు

బ్రోకా 1824 జూన్ 28న ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గర, దోర్దోన్ నది ఒడ్డున ఉన్న సాంత్‌ఫ్వా లా గ్రాండ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి ఆ ఊరి డాక్టరు. కాథలిక్కులు ఎక్కువగా ఉన్న దేశంలో వాళ్లది ప్రొటెస్టెంట్ కుటుంబం. కుర్రాడు చదువులో చురుకు, అందులోనూ లెక్కలంటే మహా ఇష్టం. ఫ్రాన్స్‌లో ఇంజనీర్లను తయారుచేసే ఎకోల్ పాలిటెక్నిక్‌లో చేరాలని అతని కోరిక. మన భాషలో చెప్పాలంటే ఐఐటీ కల అన్నమాట. ఇంతలో ఒక్కగానొక్క తోబుట్టువు చనిపోయింది. అమ్మానాన్నలకు ఇక తనే మిగిలాడు. తండ్రి వృత్తిలోకి వస్తే వాళ్లకు దగ్గరగా ఉండొచ్చని లెక్కల కలని పక్కన పెట్టి, 17వ ఏట పారిస్ వెళ్లి వైద్యంలో చేరాడు.

తీరా చూస్తే ఆయన తిరిగి ఆ ఊరు వెళ్లి స్థిరపడనే లేదు. పారిస్ ఆయన్ని వదల్లేదు. 1849లో డాక్టరు పట్టా వచ్చింది. ఆ తర్వాత సర్జన్, ప్రొఫెసర్. అయితే లెక్కల బుద్ధి మాత్రం ఎక్కడికీ పోలేదు. ఏ విషయమైనా కొలవాలి, లెక్కపెట్టాలి, వరసగా రాసుకోవాలి. ఆయన చేసిన మంచిపనికీ, పెద్ద తప్పుకీ కూడా ఈ అలవాటే మూలం. ఆ తప్పు సంగతి తర్వాత చెబుతాను.

ఆ రోజుల్లో పారిస్‌లో పెద్ద డాక్టర్లు చాలామందికి మైక్రోస్కోప్ మీద నమ్మకం లేదు. కంటికి కనిపించేది, చేతికి తగిలేది చాలు అనేవారు. కుర్ర బ్రోకా మాత్రం క్యాన్సర్ గడ్డల్ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాడు. క్యాన్సర్ రక్తనాళాల దారిలో వేరే అవయవాలకు పాకగలదని ముందుగా గమనించినవాళ్లలో ఆయన ఒకడు. పాతికేళ్లు దాటీ దాటకముందే క్యాన్సర్ మీద పెద్ద వ్యాసం రాసి వైద్య అకాడమీ బహుమతి తెచ్చుకున్నాడు. అంటే మెదడు పరిశోధనతో పేరు రాకముందు నుంచే ఆయన క్యాన్సర్ మనిషి.

ఇక మెదడు సంగతి క్లుప్తంగా. పారిస్ శివార్లలోని బిసేత్ర్ ఆసుపత్రిలో లెబోర్న్ అనే రోగి 21 ఏళ్లుగా ఉన్నాడు. ఎవరేం అడిగినా టాన్ అనే ఒక్క అక్షరమే పలికేవాడు. మాటలు అర్థమయ్యేవి, సైగలతో జవాబు చెప్పేవాడు, పలకడమే రాదు. 1861 ఏప్రిల్‌లో అతను చనిపోయాక బ్రోకా మెదడు తీసి చూస్తే, ఎడమ వైపు ముందు భాగంలో దెబ్బతిన్న చోటు కనిపించింది. ఒక్క రోగితో తీర్పు చెప్పేయకుండా అలాంటి వాళ్లను ఇంకా వెతికి, వరసగా కేసులు చేర్చుకుంటూ పోయాడు. మాట్లాడే పని మెదడులో ఎడమ వైపు జరుగుతుందని 1865 నాటికి గట్టిగా చెప్పగలిగాడు. లెబోర్న్ మెదడును కోయకుండా అలాగే దాచారు. అందుకే 140 ఏళ్లు దాటాక కూడా దాన్ని ఎంఆర్ఐలో పెట్టి చూడగలిగారు.

మేడమ్ జెడ్, ఆమె నలుగురు కూతుళ్లు

1857లో బ్రోకా పెళ్లి అడెల్ లుగోల్‌తో జరిగింది. ఆమె తండ్రి పేరు మీకు తెలియకుండానే మీకు తెలుసు. ఇంటర్ ల్యాబ్‌లో బంగాళాదుంప ముక్క మీద వేస్తే నీలంగా మారే అయోడిన్ ద్రావణం ఉంది చూడండి, దాన్ని లూగోల్స్ అయోడిన్ అంటారు. ఆ లుగోలే బ్రోకా మామగారు. ఈ పెళ్లి జరిగేనాటికే ఆయన కన్నుమూశారు.

1866 నాటి పుస్తకంలో బ్రోకా ఒక కుటుంబం వివరాలు ఇచ్చాడు. అది ఆయన భార్య తరఫు కుటుంబమేనని వైద్య చరిత్రకారులు చెబుతారు. పుస్తకంలో ఎవరి పేర్లూ లేవు. అందరికీ ఇంగ్లిషు బడిలో నేర్పే అక్షరాలే పేర్లు. మొదటి ఆమె మేడమ్ జెడ్. 1788లో, 60వ ఏట రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది. ఆమెకు నలుగురు కూతుళ్లు. నలుగురూ క్యాన్సర్‌తోనే పోయారు. ఇద్దరికి రొమ్ములో, ఇద్దరికి కాలేయంలో. ఆ తర్వాత వాళ్ల పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. పట్టిక 1788 నుంచి 1856 వరకు సాగుతుంది. నాలుగు తరాల్లో 24 మంది ఆడవాళ్లుంటే, 10 మంది రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయారు. కాలేయంలో వచ్చినవాళ్లు వేరే.

ఈ సంఖ్యని కాసేపు మన లెక్కల కళ్లతో చూద్దాం. ఇప్పుడు అమెరికాలో జీవితకాలం మొత్తంలో రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 8 మంది స్త్రీలలో ఒకరికి. అప్పటి ఫ్రాన్స్‌కి ఇది చాలా ఎక్కువ రేటే, అయినా అదే వేసుకుందాం. అప్పుడు 24 మందిలో సగటున ముగ్గురికి రావాలి. ఎవరికి వాళ్లకి విడివిడిగా, కేవలం అదృష్టం కొద్దీ వచ్చేదైతే 10 మందికో అంతకన్నా ఎక్కువ మందికో రావడానికి అవకాశం ఎంత? బైనామియల్ పంపిణీలో వేసి చూశాను, సుమారు మూడు వేలలో ఒక వంతు వచ్చింది. బ్రోకా దగ్గర కాలిక్యులేటర్ లేదు, అయినా ఇదే ప్రశ్న వేసుకున్నాడు. ఇది కాకతాళీయం అనడానికి వీల్లేదని, వంశంలో ఏదో దిగుతోందని తేల్చాడు.

మీలో స్టాటిస్టిక్స్ బాగా చదివినవాళ్లు వెంటనే ఒక మెలిక పెడతారు. ఊళ్లో వేల కుటుంబాలుంటే వాటిలో ఏదో ఒకదానికి ఇలాంటి దురదృష్టం పట్టడం వింత కాదు కదా, ఆ ఒక్కదాన్నే ఏరుకొచ్చి చూపిస్తే ఎలా? న్యాయమైన ప్రశ్నే. ఒక్క కుటుంబంతో కేసు గెలవదు. దీనికి పూర్తి జవాబు రావడానికి ఇంకో 124 ఏళ్లు పట్టింది.

కాలేయం సంగతి కూడా చెప్పాలి. అప్పట్లో స్కానింగులు లేవు. రొమ్ములో మొదలైన క్యాన్సరో అండాశయంలో మొదలైనదో కాలేయానికి పాకితే, చివరికి పొట్ట ఉబ్బి కళ్లు పచ్చబడి చనిపోయిన మనిషికి కాలేయ క్యాన్సర్ అనే రాసుకుని ఉండొచ్చు. ఇవాళ ఆ పట్టిక చదివేవాళ్లకు ఈ అనుమానం సహజంగా వస్తుంది. ఎందుకంటే ఇప్పుడు మనకు తెలిసిన జన్యుమార్పులు రొమ్ముతో పాటు అండాశయాన్నీ పట్టుకుంటాయి.

ఇంకో విచిత్రం చూడండి. బ్రోకా పట్టిక అచ్చయిన 1866లోనే, బ్రున్ పట్టణంలో గ్రెగర్ మెండెల్ అనే క్రైస్తవ సన్యాసి బఠాణీ మొక్కల మీద తన వ్యాసం అచ్చువేశాడు. గుణాలు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున విడివిడి జతలుగా దిగుతాయని చెప్పింది ఆ వ్యాసమే. బ్రోకా దగ్గర ప్రశ్న ఉంది, మెండెల్ దగ్గర జవాబు తాళం ఉంది. కానీ మెండెల్ వ్యాసం 1900 దాకా దుమ్ము పట్టి పడి ఉంది. ఈలోపు బ్రోకా 1880లో చనిపోయాడు, మెండెల్ 1884లో చనిపోయాడు.

124 ఏళ్ల తర్వాత వచ్చిన జవాబు

అమెరికాలో మేరీ క్లెయిర్ కింగ్ అనే శాస్త్రవేత్త 1970లలో ఈ ప్రశ్నని మళ్లీ ఎత్తుకుంది. క్యాన్సర్ లాంటి చిక్కు జబ్బుకి ఒకే జన్యువు కారణమవుతుందంటే అప్పుడు నమ్మినవాళ్లు తక్కువ. ఆమె కూడా బ్రోకా చేసిన పనే చేసింది. కుటుంబాలను వెతికి, ఎవరికి ఏ వయసులో వచ్చిందో పట్టికలు రాసింది. తేడా ఏంటంటే ఒక్క కుటుంబం కాదు, 23 కుటుంబాలు, వాటిలో 146 కేసులు. పైగా వాళ్ల రక్తం నుంచి డీఎన్ఏ తీసి, జబ్బుతో పాటు ఏ క్రోమోజోమ్ ముక్క తరం తర్వాత తరానికి కలిసి ప్రయాణిస్తోందో చూసింది. చిన్న వయసులోనే జబ్బు వచ్చిన కుటుంబాల్లో సిగ్నల్ స్పష్టంగా దొరికింది. పెద్ద వయసులో వచ్చిన కుటుంబాల్లో నాయిస్ ఎక్కువ. 17వ క్రోమోజోమ్ మీద ఆ చోటు ఉందని 1990లో ప్రకటించింది. 1994లో ఆ జన్యువు చేతికి చిక్కింది. అదే బీఆర్‌సీఏ1. మరుసటి ఏడాది 13వ క్రోమోజోమ్ మీది బీఆర్‌సీఏ2 కూడా దొరికింది. ఆ పేరు బ్రెస్ట్ క్యాన్సర్ అనే మాటల నుంచి వచ్చింది. కానీ కొంచెం తొందరగా పలికి చూడండి, బ్రోకా అనే వినిపిస్తుంది.

ఈ జన్యువులు క్యాన్సర్ తెచ్చే జన్యువులు అని చాలామంది అనుకుంటారు. అసలు వాటి పని అందుకు పూర్తిగా వ్యతిరేకం. డీఎన్ఏ నిచ్చెన రెండు వైపులా తెగిపోయినప్పుడు తప్పు లేకుండా అతికించే మరమ్మతు పని వాటిది. మనందరికీ ఇవి రెండేసి కాపీలు ఉంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒక కాపీ పుట్టుకతోనే చెడిపోయి వచ్చిందనుకోండి, రెండోది పని చేస్తుంటుంది కాబట్టి మనిషి మామూలుగానే ఉంటాడు. బ్యాకప్ లేకుండా నడుస్తున్న సర్వర్ లాంటిదన్నమాట. ఎప్పుడో ఏదో ఒక కణంలో ఆ రెండో కాపీ కూడా పాడైతే ఆ కణంలో మరమ్మతు ఆగిపోతుంది, తప్పులు పోగవుతాయి, కథ అక్కడ మొదలవుతుంది.

అంకెల్లో చెప్పాలంటే, బీఆర్‌సీఏ1లో హానికరమైన మార్పు ఉన్న స్త్రీలలో 80 ఏళ్లు వచ్చేలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 72 శాతం, బీఆర్‌సీఏ2 అయితే సుమారు 69 శాతం అని 2017లో వచ్చిన పెద్ద అధ్యయనం తేల్చింది. అండాశయ క్యాన్సర్‌కి ఆ అంకెలు 44, 17. ఇవి చదివి భయపడేముందు ఇంకో అంకె కూడా చదవండి. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో ఇలా వంశంలో దిగేవి 5 నుంచి 10 శాతమే. ఇంట్లో ఒకరికి వచ్చిందంటే అది వంశంలో ఉన్నట్టే అనుకోనక్కర్లేదు. కానీ చిన్న వయసులో వస్తే, రెండు మూడు తరాల్లో కనిపిస్తే, రెండు రొమ్ముల్లోనూ వస్తే, ఒకే వైపు బంధువుల్లో రొమ్మూ అండాశయమూ రెండూ ఉంటే, మగవాళ్లలో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వస్తే, అప్పుడు ఆలోచించాలి.

మా ఇంటి పట్టిక

ఈ బ్రోకా పిచ్చి నాకు ఎలా పట్టిందో చెప్పాలి. నేను ఇ.సి.ఇ. మూడో సంవత్సరం. వైద్యానికీ నాకూ చుట్టరికం లేదు. గత ఏడాది మా పిన్నికి, 41 ఏళ్ల వయసులో, రొమ్ములో గడ్డ కనిపించింది. పరీక్షల తర్వాత డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్న, మీ వైపు ఇంకెవరికైనా ఉందా అని. పక్కనే ఉన్న అమ్మమ్మ అలాంటిదేం లేదమ్మా అని గట్టిగా చెప్పింది.

అబద్ధం చెప్పాలని కాదు. మా ఇంట్లో ఆ జబ్బు పేరు ఎత్తరు. ఎత్తితే వస్తుందేమో అని సగం భయం, ఆడపిల్లల సంబంధాలు చెడిపోతాయని మిగతా సగం. ఆ రాత్రి తణుకులో ఉండే చిన్నమ్మమ్మ ఫోన్ చేసి, కాసేపు అటూ ఇటూ మాట్లాడి, మెల్లగా అసలు విషయం చెప్పింది. వాళ్లమ్మకి చివరి రోజుల్లో గుండెల మీద పుండు పడి మానలేదట. అందరికంటే పెద్దక్కయ్య 36 ఏళ్లకే పోయింది. ఇంట్లో చెప్పుకునేది మాత్రం ఆమెకు పచ్చకామెర్లు వచ్చాయనే. కామెర్లకు పసరు కూడా పోయించారట. అంతకుముందు రెండేళ్ల క్రితం ఆమెకు గడ్డ తీయించిన సంగతి చిన్నమ్మమ్మకొక్కదానికే గుర్తుంది.

మర్నాడు నోట్‌బుక్‌లో గీతలు గీసి పట్టిక రాశాను. గుండ్రాలు ఆడవాళ్లు, చదరాలు మగవాళ్లు. చనిపోయినవాళ్ల మీద అడ్డగీత. పక్కన వయసు, జబ్బు. తర్వాత చాలా రోజులకి మేడమ్ జెడ్ కథ చదివినప్పుడు, కాలేయంతో పోయిన ఆ ఇద్దరు కూతుళ్ల దగ్గర నా చూపు ఆగిపోయింది. మా పెద్దమ్మమ్మ కామెర్లే గుర్తొచ్చాయి.

పిన్నికి జన్యు పరీక్ష చేశారు. ఇలాంటి పరీక్ష వీలైతే ముందు జబ్బు వచ్చిన మనిషికే చేయాలట. ఆ మనిషిలో మార్పు దొరికితే మిగతావాళ్లలో ఆ ఒక్కచోటే వెతికితే సరిపోతుంది. బీఆర్‌సీఏ1లో మార్పు ఉంది. పట్టికని బట్టి చూస్తే అది అమ్మమ్మ ద్వారానే వచ్చి ఉండాలి. అమ్మమ్మకి 74 ఏళ్లు, ఇవాళ్టికీ పొయ్యి దగ్గర ఆమెదే రాజ్యం, ఏ జబ్బూ లేదు. మార్పు ఉన్న ప్రతివాళ్లకీ జబ్బు రాదు. అందుకే ఒక తరం దాటేసినట్టు కనిపిస్తుంది, అందుకే మనవైపు లేదులే అనిపిస్తుంది.

తర్వాత అమ్మ వంతు. ఈ మార్పు పిల్లలకు వచ్చే అవకాశం సగానికి సగం, నాణెం ఎగరేసినట్టే. అమ్మకి లేదని రిపోర్టు వచ్చింది. ఆమెకి లేదంటే ఈ దారిలో నాకూ చెల్లికీ ఆ మార్పు రాదు. ఆటోలో ఇంటికొస్తూ నేను సంతోషంగా ఏదో మాట్లాడుతుంటే అమ్మ కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. ఒకే తల్లి బిడ్డలం, దానికే ఎందుకు రావాలి అని. దానికి జవాబు మెండెల్ దగ్గర కూడా లేదు.

పిన్ని వైద్యం పూర్తయింది. ఉద్యోగంలో మళ్లీ చేరింది. ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయికి 19 ఏళ్లు. పరీక్ష చేయించుకోవాలా, ఎప్పుడు చేయించుకోవాలా అనేది తనే నిర్ణయించుకుంటానంది. కౌన్సెలర్ కూడా అదే సరైన పద్ధతి అన్నారు. మార్పు ఉందని తెలిస్తే చేతులు ముడుచుకు కూర్చోవాల్సిన పని లేదు. పాతికేళ్ల నుంచే ఏటా ఎంఆర్ఐ, ముప్పై దాటాక మామోగ్రామ్ కూడా. కొందరు పిల్లలు పుట్టాక అండాశయాలు, మరికొందరు రొమ్ములు ముందుగానే తీయించుకుంటారు. జబ్బు వచ్చినా ఈ మరమ్మతు లోపాన్నే ఆయుధంగా వాడుకునే పార్ప్ ఇన్హిబిటర్లు అనే మందులున్నాయి. మేడమ్ జెడ్ కూతుళ్లకు వీటిలో ఒక్కటీ లేదు.

అదే కొలబద్దతో చేసిన తప్పు

బ్రోకా కథ ఇక్కడితో ఆపేస్తే మంచిమాటే చెప్పి తప్పించుకున్నట్టు అవుతుంది. 1859లో ఆయన పారిస్‌లో మానవశాస్త్ర సంఘం స్థాపించాడు. ప్రభుత్వానికి ఎంత అనుమానమంటే సమావేశాలకు ఒక పోలీసు అధికారి వచ్చి కూర్చునేవాడు. ఆ సంఘంలో ఆయన ఏళ్ల తరబడి చేసిన పని పుర్రెలు కొలవడం, మెదళ్లు తూచడం. పారిస్ ఆసుపత్రుల్లో 292 మంది మగవాళ్ల మెదళ్లు, 140 మంది ఆడవాళ్ల మెదళ్లు తూచి, సగటున 181 గ్రాముల తేడా ఉందన్నాడు. ఆడవాళ్ల ఒళ్లు చిన్నది కాబట్టి మెదడూ చిన్నదే ఉంటుంది కదా అనే మాట ఆయనకు తెలియనిది కాదు. తెలిసీ, ఆడవాళ్లకు తెలివి కాస్త తక్కువేనని ముందే నమ్మాడు కాబట్టి, తేడాలో కొంత అందుకే అన్నాడు. జాతుల మధ్య హెచ్చుతగ్గులు కూడా ఇలాగే తూకం వేశాడు. ఆ సంఘంలోనే 1870లో క్లెమాన్స్ రోయె అనే విదుషీమణి తొలి మహిళా సభ్యురాలిగా చేరింది. వంద ఏళ్లు దాటాక స్టీఫెన్ జే గూల్డ్ ఆ అంకెలనే మళ్లీ తీసి, వయసూ ఎత్తూ లెక్కలో కలిపితే ఆ తేడా బాగా తగ్గిపోతుందని చూపించాడు. అంకెలు సరిగ్గానే ఉన్నాయి. ముందే రాసిపెట్టుకున్న జవాబు కోసం వాటిని వాడటమే తప్పు.

అందుకే నాకు ఆ పట్టిక ఇంకా గొప్పగా కనిపిస్తుంది. పుర్రెల దగ్గర బ్రోకా ముందే జవాబు తెలుసుకుని కొలిచాడు. మేడమ్ జెడ్ కుటుంబం దగ్గర మాత్రం ఎవరు, ఎప్పుడు, దేనితో పోయారని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాశాడు. తర్వాతే ఆలోచించాడు.

1880లో ఆయన్ని ఫ్రెంచి సెనేట్‌కి జీవితకాల సభ్యుడిగా ఎన్నుకున్నారు. అదే ఏడాది జులై 9న, 56 ఏళ్లకే హఠాత్తుగా చనిపోయాడు. ఎన్నో మెదళ్లు దాచిన ఆయన మెదడును కూడా సీసాలో దాచారు. కార్ల్ సాగన్ పారిస్ మ్యూజియంలో దాన్ని చూసి, ఆ పేరుతోనే పుస్తకం రాశాడు. బ్రోకా కొడుకులిద్దరూ వైద్యంలో ప్రొఫెసర్లయ్యారు. చిన్నవాడు ఆండ్రే కాంతిశాస్త్రంలోకి కూడా వెళ్లాడు. ఆప్టిక్స్ ల్యాబ్‌లో ఒక తరంగదైర్ఘ్యాన్ని విడదీయడానికి వాడే పెలిన్ బ్రోకా ప్రిజంలో ఉన్న బ్రోకా అతనే. తండ్రి వదులుకున్న దారిలో కొడుకు కొంచెం దూరం నడిచాడనుకోవచ్చు.

మనం చేయగలిగింది

మేనరికాలు ఉన్నాయి కాబట్టి మనకి ఇది ఎక్కువ వస్తుందా అని మా హాస్టల్లో ఒకరు అడిగారు. ఈ ముప్పు రావడానికి చెడిన కాపీ ఒక్కటి చాలు, కాబట్టి దానికి మేనరికం అక్కర్లేదు. అయితే తల్లిదండ్రులిద్దరి నుంచీ చెడిన బీఆర్‌సీఏ2 వస్తే బిడ్డకు ఫాంకోని అనీమియా అనే తీవ్రమైన జబ్బు వస్తుంది. దగ్గరి చుట్టాల్లో పెళ్లి అనుకునేవాళ్లు ఆ సంగతి తెలుసుకుని ఉండాలి.

ఇంకో అపోహ, ఇది అమ్మవైపు నుంచే వస్తుందని. నాన్న నుంచి కూడా అంతే సగం అవకాశంతో వస్తుంది. నాన్నకు ఏ జబ్బూ లేకపోవచ్చు, మేనత్తలకు ఉండొచ్చు. బీఆర్‌సీఏ2 మార్పు మగవాళ్లలో కూడా రొమ్ము, ప్రోస్టేట్ క్యాన్సర్ల ముప్పు పెంచుతుంది. కాబట్టి అబ్బాయిలూ, ఇది ఆడవాళ్ల విషయం అని పేజీ తిప్పేయకండి.

పరీక్ష చేయించుకోవాలనుకుంటే ముందు జన్యు కౌన్సెలర్‌తో మాట్లాడాలి. కొన్నిసార్లు రిపోర్టులో మార్పు ఉంది, కానీ అది మంచిదో చెడ్డదో ఇప్పుడే చెప్పలేం అని వస్తుంది. ప్రపంచ డేటాబేసుల్లో భారతీయుల వివరాలు తక్కువ కాబట్టి మనకి అలాంటివి ఎక్కువ తగులుతాయి. దాన్ని చూసి ఆపరేషన్లకు పరిగెత్తకూడదు, చించి పారేయకూడదు కూడా.

వీటన్నిటికంటే ముందు చేసే పనికి పైసా ఖర్చు లేదు. సంక్రాంతికి అందరూ ఇంట్లో చేరతారు. భోజనాలయ్యాక పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. ఎవరికి ఏ జబ్బు వచ్చింది, ఏ వయసులో వచ్చింది, ఎలా పోయారు అని అడగండి. అమ్మవైపూ అడగండి, నాన్నవైపూ అడగండి. మూడు తరాలు చాలు. కామెర్లు అంటే అంతకుముందు ఏమైనా ఆపరేషన్ అయిందా అని ఇంకో ప్రశ్న వేయండి. కడుపులో గడ్డ అంటే ఎక్కడ అని అడగండి. ఎక్కువ మాట్లాడే అమ్మమ్మని కాదు, ఓ మూల మౌనంగా కూర్చునే చిన్నమ్మమ్మని కూడా అడగండి.

పరువు పోతుందని, సంబంధాలు చెడతాయని వాళ్లు వెనకాడితే బ్రోకా చేసినట్టు చేయండి. పేర్లు రాయకండి, అక్షరాలు రాయండి. మేడమ్ జెడ్ ఎవరో ఇవాళ్టికీ జనానికి తెలియదు. ఆమె ఏ వయసులో, దేనితో చనిపోయిందో మాత్రం తెలుసు. పరువు కాపాడటానికి అక్షరం సరిపోయింది, ప్రాణాలు కాపాడటానికి ఆ రెండు వివరాలూ కావాల్సి వచ్చాయి.